నచ్చలేదా, తెలియలేదా? తోలుబొమ్మ శైలిలో గీసిన ఒక ఫాంటసీ కార్డు ఆట: కేస్ స్టడీ

ఈ కేసు నెల్లూరులో తయారైన ఒక ఫాంటసీ కార్డు ఆటది. ఉదయగిరి కొండ, కోట, పెన్న, సముద్రపొడ్డు చుట్టూ అల్లిన కల్పిత రాజ్యం. కోట, కొండ, ఏరు, సముద్రం అని నాలుగు జట్లు, జట్టుకు 13 కార్డులు, ఏ జట్టుకూ చెందని కార్డులు రెండు, మొత్తం 54. బొమ్మలన్నీ ఒకే చిత్రకారుడి చేతివి. ఆయన పట్టుకున్నది తోలుబొమ్మల పద్ధతి. ముఖం ఎప్పుడూ పక్కవాటుగా ఉంటుంది, కన్ను ఒక్కటే, అదీ చాలా పెద్దది. భుజాలు మాత్రం రెండూ మనవైపే. రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, కాస్త పసుపు. నగలు, అంచులు, కిరీటాలు అన్నీ చిల్లుల్లాంటి తెల్ల చుక్కలతో కట్టినవి. ఎక్కడా నీడ వెయ్యలేదు.

నమూనా పెట్టె ఆడించిన ప్రతిచోటా జనం మూడు ముక్కలయ్యారు. మొదటివాళ్లకు బొమ్మలు చూడగానే ప్రాణం లేచొచ్చింది: ఇన్నాళ్లకు మన ముఖాలున్న ఫాంటసీ ఆట వచ్చిందన్నారు. రెండోవాళ్లు, ముఖ్యంగా ఫోన్‌లో ఆటలు ఆడే కాలేజీ పిలకాయలు, పెదవి విరిచారు. "ఏందన్నా, అందరూ ఒకే పక్కకి తిరిగుండారు? ఎవురు ఎవురో ఎట్టా తెలిసేది?" అన్న ధోరణి వాళ్లది. మూడోవాళ్లు కొద్దిమందే, కానీ వాళ్ల మాటే ఎక్కువ బరువైనది. ఊళ్లో రాత్రంతా కూర్చుని తోలుబొమ్మలాట చూసిన పెద్దవాళ్లు వాళ్లు. శైలి నచ్చింది గానీ లోపల తప్పులున్నాయన్నారు. రాక్షసుడికి నాయకుడి కన్ను పెట్టారని, కాపలావాడికి రాజు కిరీటం పెట్టారని వేలు పెట్టి చూపించారు.

ఇలాంటి చోట నిర్మాతలు మామూలుగా చేసేది ఓట్లు లెక్కపెట్టడం, లేదా మధ్యేమార్గంగా బొమ్మలను కాస్త "మోడరన్" చెయ్యమని చిత్రకారుడికి చెప్పడం. రెండూ నష్టమే. శైలి సగానికి తగ్గితే నచ్చినవాళ్లకు కారణం పోతుంది, నచ్చనివాళ్లకు కొత్త కారణమేదీ రాదు. ఇక్కడ ముందుగా తేల్చుకోవాల్సింది వేరు. బొమ్మ నచ్చకపోవడం ఒక సంగతి, బొమ్మ తెలియకపోవడం ఇంకో సంగతి. ఆడేవాళ్లు రెంటికీ ఒకే మాట వాడతారు: "బాగాలేదు". ఆ మాటను విడదీసే పని ఆట చేసేవాళ్లది.

విడదీసిన పద్ధతి

కార్డును అసలు సైజులో, అంటే 63 × 88 మిల్లీమీటర్లలో, ప్రింటు తీయాలి. స్క్రీను మీద పెద్దది చేసి చూపించిన బొమ్మ గురించి వచ్చే అభిప్రాయం ఈ పనికి ఒక్క ముక్క కూడా ఉపయోగపడదు. కార్డును మూడు సెకన్లు చూపి బోర్లించాలి. ఒకసారి చేతిలో పట్టుకునే దూరంలో, సుమారు 40 సెంటీమీటర్లలో. మరోసారి బల్లకు అవతలివైపు నుంచి, సుమారు 120 సెంటీమీటర్లలో. మామూలు ట్యూబులైటు కింద చెయ్యాలి, ఎందుకంటే ఆట ఆడేది అక్కడే.

అడగాల్సినవి మూడే: ఇది ఏ జట్టు? చేతిలో ఏముంది? మనిషా, దేవతా, రాక్షసుడా, జంతువా? "బాగుందా?" అన్న ప్రశ్న అన్నిటికన్నా చివర. ఇది వరసలో చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ ఫలితం మొత్తం దీనిమీదే ఆధారపడుతుంది. ముందే బాగుందా అని అడిగితే మనిషి ఒక అభిప్రాయానికి కట్టుబడిపోతాడు. ఆ తర్వాత ఏ జట్టో తెలియకపోయినా తెలిసినట్టే చెబుతాడు, లేదా తెలిసినా తెలియనట్టు వంక పెడతాడు.

దీంతోపాటు కార్డులన్నిటినీ వీధి చివర షాపులో నలుపు-తెలుపు జెరాక్స్ తీయించి అదే పరీక్ష మళ్లీ చెయ్యాలి. ఖర్చు కొన్ని రూపాయలే, బయటపడే విషయం చాలా పెద్దది.

పరీక్ష అయ్యాక రెండోవాళ్ల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం శైలి మీద ఉన్నవి కావని తేలింది. నచ్చిందన్నవాళ్లు కూడా అవే కార్డుల దగ్గర తప్పారు. వాళ్లు బొమ్మ మీది ఇష్టంతో ఆ ఇబ్బందిని ఓర్చుకున్నారు, అంతే. తప్పిన కారణాలు నాలుగు దొరికాయి. వాటిలో ఒకటి చిత్రకారుడి చేతిలో లేనే లేదు.

కిటికీ తప్పు

కార్డు మీద బొమ్మకు ఇచ్చిన జాగా, అంటే కిటికీ, అడ్డంగా 56 మిల్లీమీటర్లు, నిలువుగా 42. తోలుబొమ్మ నిలువెత్తు బొమ్మ. ఆంధ్రలో ఆడించే బొమ్మలు నాలుగు నుంచి ఆరడుగుల దాకా ఉంటాయి, కాళ్లూ చేతులూ ఊపుతూనే కథ నడుస్తుంది. ఆ మనిషిని 42 మిల్లీమీటర్ల ఎత్తులో నిలబెడితే కిరీటంతో కలిపి తల 8 మిల్లీమీటర్లు, కన్ను 2 మిల్లీమీటర్ల లోపు. పక్కన అటూ ఇటూ ఖాళీ. కన్నే ప్రాణమైన శైలిలో కన్ను కనిపించకుండా చేసింది లేఅవుట్. నింద మాత్రం బొమ్మ మీద పడింది.

దిద్దుబాటు: రాతను నాలుగు వరసల నుంచి రెండుకు తగ్గించి, కిటికీని 56 × 58కి పెంచారు. మామూలు కార్డుల్లో మనిషిని మోకాళ్ల పైనుంచి గీశారు, తల 14 మిల్లీమీటర్లయింది. కాళ్లు తీసేస్తే ఊపు పోతుందని చిత్రకారుడు పట్టుబట్టాడు. ఆ మాట నిజమే. అందుకే జట్టు నాయకుల కార్డులు నాలుగింటికీ కిటికీ తీసేసి కార్డంతా బొమ్మే ఇచ్చారు. అక్కడ మనిషి 70 మిల్లీమీటర్ల ఎత్తున, కాలెత్తి, చెయ్యి చాచి నిలబడతాడు. ఇక్కడ ఒక జాగ్రత్త: నిజం తోలుబొమ్మ చెయ్యి కదులుతుంది కాబట్టి ఏ కోణంలో ఉన్నా భావం తెలుస్తుంది. కార్డు మీద ఆ కదలిక లేదు. కాబట్టి చెయ్యి ఊపులో చివరికంటా వెళ్లిన క్షణాన్నే గీయాలి. సగంలో ఆపి గీస్తే కొయ్యబారినట్టు ఉంటుంది. భుజం, మోచెయ్యి, మణికట్టు దగ్గర ముక్కలు కలిపి దారంతో కట్టిన ముడి గుర్తులను మాత్రం ఉంచేశారు. అవి ఈ శైలి సంతకం.

ఎరుపు, ఆకుపచ్చ

జెరాక్స్ చెప్పింది ఇది. కోట జట్టు ఎరుపు, కొండ జట్టు ఆకుపచ్చ. జెరాక్స్‌లో రెండూ ఒకే బూడిద రంగు. అచ్చు ఇంకుల్లో నిండు ఎరుపుకీ నిండు ఆకుపచ్చకీ వెలుతురు మోతాదు దాదాపు సమానం. రంగు తేడా కళ్లకు కనిపిస్తున్నంతసేపూ ఇబ్బంది లేదు. సాయంత్రం వసారాలో మసక వెలుతురులో రంగు సన్నగిల్లితే రెండు జట్లూ కలిసిపోతాయి. ఎరుపు-ఆకుపచ్చ తేడా పుట్టుకతోనే సరిగా కనపడనివాళ్లకు పట్టపగలూ అంతే.

రంగుల అచ్చులో ఇంకులు నాలుగు: సయాన్ (ఒక నీలం), మెజెంటా (గులాబీ ఎరుపు), పసుపు, నలుపు. ఆకుపచ్చను చిలకపచ్చ వైపు తేల్చి, సయాన్ 50 శాతం, పసుపు 90 శాతం దగ్గర నిలిపారు. ఎరుపులో నలుపు 20 శాతం కలిపి ముదిర్చారు. తోలుబొమ్మల రంగుల కుటుంబం నుంచి బయటికి పోలేదు, జెరాక్స్‌లో మాత్రం ఒకటి లేతగా, ఒకటి చిక్కగా విడిపోయాయి.

అందరూ ఒకే పక్కకి తిరగడం అన్న ఫిర్యాదుకు జవాబు సంప్రదాయంలోనే దొరికింది. తెర మీద తోలుబొమ్మలు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటాయి. వెలుతురు దూరేలా పలచగా గీకిన తోలు కాబట్టి బొమ్మను ఎటు తిప్పినా రంగులు కనిపిస్తాయి. కాబట్టి కోట, కొండ జట్లు కుడివైపు, ఏరు, సముద్రం జట్లు ఎడమవైపు చూసేలా మార్చారు. కంప్యూటర్‌లో అద్దంలా తిప్పేస్తే కత్తి ఎడమచేతికి వస్తుంది. నిజం తోలుబొమ్మను తిప్పినా అంతే జరుగుతుంది గనక దాన్ని దిద్దలేదు. రెండు కార్డులు పక్కపక్కన పడినప్పుడు ఇద్దరు మనుషులు ముఖాముఖి నిలబడ్డట్టు అవుతుంది. ఇది ఆటకే కొత్త అందం తెచ్చింది.

చుక్కలు

ఈ కేసులో నిజంగా నేర్చుకోవాల్సింది ఇక్కడుంది, అందుకే కాస్త దగ్గరగా చూద్దాం. కోట కాపరి కార్డు తీసుకోండి. నల్ల అంగరఖా, దాని మీద మూడు వరసల తెల్ల చుక్కల హారం, అంచున ఇంకో వరస. చిత్రకారుడి కాగితం మీద ఒక్కో చుక్క 1.5 మిల్లీమీటర్లు. అసలు బొమ్మ 280 మిల్లీమీటర్ల వెడల్పు, కార్డు మీద 56. అంటే ఐదో వంతుకు దిగింది. చుక్క 0.3 మిల్లీమీటర్లయింది. కాగితం మీద ముత్యాల్లా మెరిసిన హారం కార్డు మీద బూడిద చారలా వచ్చింది. చాలామంది దాన్ని మురికి అనుకున్నారు.

కారణం ప్రెస్సులో ఉంది. ఆ నలుపు నాలుగు ఇంకులు కలిసిన నలుపు. ఒక్కో ఇంకును ఒక్కో ప్లేటు అచ్చేస్తుంది. తెల్ల చుక్క రావాలంటే నాలుగు ప్లేట్లలోనూ ఒకే చోట చిల్లు ఉండాలి. కాగితం నడుస్తున్నప్పుడు ప్లేట్ల మధ్య 0.1 మిల్లీమీటరు తేడా వస్తే చాలు, ఒకదాని చిల్లు మీదికి ఇంకోదాని ఇంకు పాకుతుంది. పైగా ఇంకు కాగితంలోకి దిగేటప్పుడు నాలుగువైపులా ఉబ్బుతుంది. 0.3 మిల్లీమీటర్ల చిల్లు ఈ రెండు దెబ్బలకూ మూసుకుపోతుంది.

చుక్క పెంచడం మొదటి దిద్దుబాటు: కాగితం మీద 2.5 మిల్లీమీటర్లు, అంటే అచ్చులో 0.5. అంత పెద్ద చుక్కలు మునుపటి సంఖ్యలో పట్టవు కాబట్టి మూడింటి చోట ఒకటే ఉంచారు. ముఖం మీద చుక్కలు పూర్తిగా తీసేశారు, కంటి దగ్గర పోటీ ఉండకూడదు.

రెండోది ఇంకా మంచిది. తోలుబొమ్మ చిల్లు తెల్లగా ఉండదు. వెనక వెలుగుతున్న దీపం రంగులో ఉంటుంది, వెచ్చని పసుపు. కాబట్టి చుక్కను తెల్లగా వదలడం మానేసి ఒక్క ప్లేటులోనే చిల్లు పెట్టారు. ఎరుపు అంటే మెజెంటా, పసుపు కలిసినది. మెజెంటాలో చిల్లు పెడితే కింద పసుపు మిగులుతుంది. ఎరుపును ముదిర్చిన నలుపు 20 పలచటిది కాబట్టి దాన్ని చుక్కలున్న భాగాల్లో వెయ్యకుండా అంచుల్లోనే ఉంచారు. చిలకపచ్చలో సయాన్‌కు చిల్లు పెడితే మళ్లీ పసుపే. నలుపు భాగాలకు అడుగున పసుపు 80, మెజెంటా 30 పరిచి, పైన నలుపు ప్లేటు ఒక్కటే వేసి, దానిలో చిల్లులు పెట్టారు. అక్కడ చుక్క నారింజ పసుపులో వెలుగుతుంది. చిల్లు ఒక్క ప్లేటులోనే ఉంది గనక ప్లేట్లు జరిగినా చుక్క మూసుకోదు. కోట కాపరి హారం ఇప్పుడు వెనక ఆముదం దీపం పెట్టినట్టు ఉంటుంది. నచ్చలేదన్నవాళ్లలో కొందరు మనసు మార్చుకున్నది ఈ మార్పు చూశాకే.

ఇందులో తప్పు జరిగే చోటు ఒకటుంది. బొమ్మను ఆర్‌జీబీలో (స్క్రీను రంగుల లెక్కలో) తయారుచేసి జేపెగ్‌గా పంపితే ప్రెస్సులో సీఎంవైకేకి, అంటే నాలుగు ఇంకుల లెక్కకు, మార్చేటప్పుడు నలుపు మళ్లీ నాలుగు ఇంకుల మిశ్రమమైపోతుంది, శ్రమంతా గాలికి పోతుంది. ఫైలును మొదటినుంచీ సీఎంవైకేలోనే కట్టి, చుక్కలను విడి లేయర్‌లో పెట్టి, పీడీఎఫ్-ఎక్స్1ఏగా (అచ్చు కోసం వాడే పీడీఎఫ్ రకంగా) ఇవ్వాలి. ప్లేట్లు కొట్టేముందు డీటీపీ మనిషి పక్కన కూర్చుని ఒక్కో ప్లేటునూ విడివిడిగా తెర మీద చూడాలి. నలుపు ప్లేటులో చుక్కలు కనిపించాలి, పసుపు ప్లేటులో కనిపించకూడదు.

పెద్దవాళ్లు చెప్పిన తప్పులు

నాలుగో కారణం వీళ్లది. తోలుబొమ్మల్లో కన్ను, రంగు, తలకట్టు చూస్తే పాత్ర ఏ కోవదో తెలిసిపోవాలి. నాయకుడి కన్ను పొడుగ్గా చేపలా సాగుతుంది. రాక్షసుడిది గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, పళ్లు బయటికొస్తాయి. చిత్రకారుడు అందం కోసం అందరికీ సాగదీసిన కన్నే పెట్టాడు. అందుకే "మనిషా, రాక్షసుడా?" అన్న ప్రశ్న దగ్గర జనం తడబడ్డారు. పెద్దవాళ్లు సంప్రదాయం పేరుతో చెప్పిందీ, పిలకాయలు "గుర్తుపట్టలేం" అన్నదీ ఇక్కడ ఒకటే తప్పు. రాక్షసులందరికీ కన్ను గుండ్రం చేశారు. ఎత్తు కిరీటం కోట నాయకుడికి ఒక్కడికే ఉంచి, కాపలావాళ్లకు తలపాగా చుట్టారు. కొండ జట్టుకు జుట్టు ముడి, ఏటి జట్టుకు తామర మొగ్గ, సముద్రం జట్టుకు చేప తోక ఆకారంలో తలకట్టు. బొమ్మ మొత్తాన్ని నల్లగా పూసేసి అంచు ఒక్కటే చూసినా ఏ జట్టో తెలియాలన్నది కొలత.

మార్చనివి

నీడలు వెయ్యమన్న కోరిక గట్టిగానే వచ్చింది. రెండు కార్డులకు వేసి చూశారు, తీసేశారు. ఈ శైలిలో వెలుతురు వెనకనుంచి వస్తుంది, చుక్కలు చెప్పేది అదే. ముక్కు పక్కన నీడ పడితే వెలుతురు ముందునుంచి వస్తోందని అర్థం. ఒకే బొమ్మలో రెండు దీపాలు కొట్టుకుంటాయి, చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తప్పుందని అనిపిస్తుంది. ముఖాలను ముందుకు తిప్పమన్న మాట కూడా ఒప్పుకోలేదు. రెండు తలలూ చెరోవైపు చూసే గండభేరుండం కార్డు మొత్తం పెట్టెలో ఒక్కరూ తప్పకుండా గుర్తుపట్టినది. పక్కవాటు ముఖంలో లోపం లేదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

విదేశీ ఆటల్లో ఈ చీలిక పాతదే. 1981లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఆడేవాళ్లే పాత్రలై కథ నడిపే ఆట) బేసిక్ పెట్టె మీద ఎరల్ ఓటస్ బొమ్మ ఉంటుంది. ఆ వింత రంగులు, కలలోవి లాంటి ఆకారాలు కొందరికి ఆ ఆట ఆత్మ, కొందరికి చేతకాని గీత. పాత్‌ఫైండర్‌కు, అలాంటిదే ఇంకో ఆటకు, 2009 మూలగ్రంథం అట్ట, 2019 రెండో ఎడిషన్ అట్ట గీసిన వేన్ రేనాల్డ్స్ మీద ఇప్పటికీ వాదన నడుస్తుంది: ఒంటినిండా పటకాలు, బకిళ్లు, సంచులు, మోయలేనంత పెద్ద ఆయుధాలు. ఇష్టపడేవాళ్లు ఆ వస్తువులన్నిటినీ ఆడేవాడి సామాను జాబితాలా చదువుతారు, పాత్ర ఏం మోస్తుందో అట్ట మీదే తెలిసిపోతుంది. అది 216 × 279 మిల్లీమీటర్ల పుస్తకం మీద గీసిన గీత. అంత పనితనాన్ని 56 మిల్లీమీటర్ల కిటికీలోకి దించితే ఎంత అభిమానికైనా గజిబిజిగానే ఉంటుంది. ఫైనల్ ఫాంటసీ వీడియో గేముకు యోషితక అమానో పొగలాంటి సన్నగీతలతో బొమ్మలు వేస్తే, ఆట లోపలి చిన్న పిక్సెల్ మనుషులను కజుకో షిబుయా వేరుగా చేసింది. ఎక్కడ ఏ గీత నిలుస్తుందో వాళ్లు చూసుకున్నారు. మన పెట్టె విషయంలోనూ పాత 1.5 మిల్లీమీటర్ల చుక్కలు పాడుకాలేదు, పెట్టె మూత మీదికి వెళ్లాయి. అక్కడ బొమ్మ చిన్నది చెయ్యకుండానే అచ్చయింది.

చిత్రకారుడికి మాట చేర్చిన తీరు కూడా రాయాలి. "కన్ను చిన్నది చెయ్యండి", "కాస్త కొత్తగా గీయండి" అని ఒక్క మాట కూడా పంపలేదు. "అవతలివైపు నుంచి చూసినవాళ్లకు ఇది రాక్షసుడని తెలియలేదు", "హారం మురికిలా కనిపించింది" అని, జనం ఎక్కడ తప్పారో అది మాత్రమే రాసి, అసలు సైజు ప్రింటు జతచేశారు. పరిష్కారం ఆయనకే వదిలేశారు. చేప తోక తలకట్టు, నారింజ చుక్క ఆయన తెచ్చినవే. బయటినుంచి ఎవరూ అడిగి ఉండేవాళ్లు కాదు.

అచ్చు లెక్క

కార్డు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడు (కటింగులో తెగిపోయే అదనపు అంచు) కలిపితే 69 × 94. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) 815 × 1110 పిక్సెళ్లు. 12 × 18 అంగుళాల షీటు మీద కార్డులను అడ్డంగా మూడు వరసల్లో, వరసకు ఆరు చొప్పున పేరిస్తే 18 పడతాయి. 54 కార్డులకు సరిగ్గా మూడు షీట్లు, వృథా లేదు. చుట్టూ సన్నటి అంచుగీత పెట్టకూడదు. కటింగులో అర మిల్లీమీటరు జరిగినా అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కాగితం 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, రెండువైపులా మ్యాట్ లామినేషన్. నిగనిగలాడే లామినేషన్ ట్యూబులైటు కింద అద్దమై నల్ల భాగాలను మింగేస్తుంది. డబ్బు మిగులుతుందని ఒకవైపే లామినేషన్ చేయిస్తే నెల్లూరు గాలికి నిలవదు. వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో ప్లాస్టిక్ లేని వైపు తేమ పీల్చి సాగుతుంది, కార్డు లామినేషన్ వైపుకు వంగుతుంది. వంగిన కార్డును వెనకనుంచే గుర్తుపట్టొచ్చు, ఇక ఆట ఉండదు. మ్యాట్ వల్ల ఎరుపు కాస్త మందగిస్తుంది. అది ముందే లెక్కలో ఉండాలి, ప్రూఫును లామినేషన్ అయ్యాకే చూసి ఒప్పుకోవాలి.

మార్చిన పెట్టెకు అదే పరీక్ష మళ్లీ చేస్తే ఏ జట్టో చెప్పడంలో తడబాటు దాదాపు పోయింది. నచ్చలేదనేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు ఇప్పుడు చెప్పే కారణం నిజంగా అభిరుచిదే, దాన్ని అలాగే ఒప్పుకున్నారు. తేలనిది బేతాళుడి కార్డు. తలకిందులుగా వేలాడే బొమ్మ కాబట్టి ఎదుటివాడికి నిటారుగా, పట్టుకున్నవాడికి తలకిందులుగా కనిపిస్తుంది. ఇది ఏ జట్టుకూ చెందని రెండిట్లో ఒకటి గనక ఆటకు నష్టం లేదని చిత్రకారుడి వాదన. పరీక్షలో మాత్రం ఎక్కువమంది దాన్ని తిప్పి పట్టుకుని అంకెను తలకిందులుగా చదివారు, 6ను 9 అనుకున్నారు. ప్రస్తుతానికి బొమ్మను కదపలేదు. అంకె కింద గీత పెట్టి, రెండు మూలల్లోనూ వేశారు.